వాల్తర్ నెర్న్‌స్టు : దీపము ఆరినను నిలిచిన విద్య

గృహమునందలి చీకటిని దీపము పోగొట్టును; బుద్ధియందలి చీకటిని విద్య పోగొట్టును. దీపమునకు ఆయుర్దాయము కలదు. నూనె తరిగినచో, వత్తి కాలినచో, లేక అంతకంటె మేలైన దీపము వచ్చినచో అది మూలబడును. విద్యకు అట్టి ఆయుర్దాయము లేదు. గ్రంథమునకు ఒకసారి ఎక్కిన సత్యము, చదువువాడు లభించువరకు ఓపికతో వేచియుండును. ఈ మాటకు నిదర్శనముగా నిలుచు జీవితములలో జర్మనీ దేశపు రసాయన శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్టు జీవితము ఒకటి. ఆయన ఒక విద్యుద్దీపమును కనిపెట్టెను. కొలది సంవత్సరములు వెలిగి ఆ దీపము బజారునుండి తొలగిపోయెను. కాని ఆ దీపమునందలి తెల్లని సన్నపుల్లను గూర్చి ఆయన వ్రాసిన కొన్ని పుటలు మాత్రము నేటికిని శాస్త్రజ్ఞులకు దారి చూపుచున్నవి.

బాల్యము, విద్యాభ్యాసము

నెర్న్‌స్టు 1864వ సంవత్సరము జూన్ 25వ తేదీన పశ్చిమ ప్రష్యాలోని బ్రీజెన్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నేడు పోలండు దేశములో నున్నది. తండ్రి గుస్టావు నెర్న్‌స్టు న్యాయాధికారి. తల్లి నెర్న్‌స్టు బాల్యముననే గతించెను. గ్రౌడెంజ్ పట్టణములోని ఉన్నత పాఠశాలలో చదువు సాగించి, తరగతిలో మొదటివాడుగా నిలిచెను. లాటిన్ భాషయందును, ప్రాచీన కావ్యములయందును ఆయనకు మిక్కిలి ప్రీతి. కవి కావలెనని ఆ వయస్సున కోరుకొనెను. కాని రసాయనశాస్త్రము బోధించిన ఉపాధ్యాయుని ప్రభావముచే మనస్సు ప్రయోగములవైపు మరలెను. కవిత్వము వృత్తి కాకపోయినను, నాటకములయందును సాహిత్యమునందును అభిరుచి జీవితాంతము ఆయనను విడువలేదు.

ఆ కాలపు జర్మనీలో విద్యార్థులు ఒకే విశ్వవిద్యాలయమున చదువు ముగింపక, ఏ గురువు ఎచ్చట గొప్పవాడో తెలిసికొని ఆ చోటికి పోవుచుండిరి. నెర్న్‌స్టు కూడ అట్లే జూరిచ్, బెర్లిన్, గ్రాజ్, వుర్జ్‌బర్గ్ నగరములలో విద్య నభ్యసించెను. గ్రాజ్ నగరమున మహామేధావియగు బోల్ట్స్‌మన్ సన్నిధి లభించెను. అచ్చటనే ఎటింగ్స్‌హౌజెన్ అను ఆచార్యునితో కలిసి, అయస్కాంత క్షేత్రమున నుంచి వేడిచేసిన లోహఫలకమునందు విద్యుత్తు పుట్టు విధమును 1886లో కనుగొనెను. మరుసటి సంవత్సరము వుర్జ్‌బర్గ్‌లో కోల్‌రౌష్ పర్యవేక్షణమున డాక్టరు పట్టమును పొందెను.

స్వీడన్ దేశీయుడగు అర్హీనియస్‌తో నెర్న్‌స్టునకు స్నేహము కలిసినది ఈ దినములలోనే. నీటిలో ఉప్పు కరిగినపుడు అది విద్యుదావేశము గల సూక్ష్మకణములుగా విడిపోవునని అర్హీనియస్ ప్రతిపాదించెను. ఆ కణములనే అయానులందురు. పెద్దలు పలువురు దీనిని నమ్మలేదు. నమ్మినవారిలో ముఖ్యుడు లైప్‌జిగ్ నగరమునందలి ఆచార్యుడు ఆస్ట్‌వాల్డ్. ఆయన 1887లో నెర్న్‌స్టును తన సహాయకునిగా చేర్చుకొనెను.

ఇరువదియైదవ ఏటి సమీకరణము

లైప్‌జిగ్‌లో నెర్న్‌స్టు చేసిన పని ఆయనకు చిన్న వయస్సుననే కీర్తి తెచ్చెను. మెరకనుండి పల్లమునకు నీరు పారును. అట్లే ఒక ద్రావణమున అయానులు చిక్కగా నున్న చోటినుండి పలుచగా నున్న చోటికి పోవ యత్నించును. ఆ యత్నమునే విద్యుత్తుగా పట్టుకొనవచ్చును. రెండు వైపుల చిక్కదనములలో నున్న భేద మెంతయో తెలిసినచో, వాని మధ్య ఎన్ని వోల్టుల విద్యుత్పీడనము పుట్టునో లెక్కకట్టవచ్చునని 1889లో ఆయన చూపెను. విద్యుద్ఘటములు పనిచేయు తీరును అందరికిని విశదము చేసిన ఈ లెక్కకు నెర్న్‌స్టు సమీకరణమని పేరు. నేడు కళాశాలలో రసాయనశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు దీనిని నేర్చును.

తరువాత ఆయన గాటింజెన్ విశ్వవిద్యాలయమునకు పోయెను. 1892లో ఎమ్మా లోమేయర్ అను కన్యను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు కలిగిరి. 1893లో ఆయన వ్రాసిన సిద్ధాంత రసాయనశాస్త్ర గ్రంథము అనేక ముద్రణలు పొంది, ఒక తరము విద్యార్థులకు ప్రధాన గ్రంథమయ్యెను. 1894లో మ్యూనిక్ నగరమునుండి ఆచార్య పదవికి పిలుపు రాగా, ఇట్టివానిని పోగొట్టుకొనుట తగదని ప్రష్యా ప్రభుత్వము గాటింజెన్‌లోనే ఆయనకు ఆచార్యపీఠమును, ఒక పరిశోధనాలయమును ఏర్పాటు చేసెను.

తెల్లని పుల్ల, తెల్లని వెలుగు

ఆ రోజులలో విద్యుద్దీపమనగా బొగ్గుతీగ దీపమే. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో సన్నని బొగ్గుతీగ నుంచి, దానిలో విద్యుత్తును ప్రవహింపజేయుదురు. వెలుగు ఎర్రగా, మందముగా నుండును. విద్యుత్తు ఎక్కువ ఖర్చగును. తీగను ఇంకను ఎక్కువగా వేడిచేసినచో వెలుగు తెల్లబడును. కాని బొగ్గు అంతటి వేడికి ఎక్కువ కాలము నిలువదు. అందుచేత ఎంత వేడికైనను చెడని పదార్థమేదియని నెర్న్‌స్టు వెదకెను.

కాలునట్టి వస్తువునకే గాలివలన భయము. ముందే కాలి భస్మమైనదానికి ఆ భయము లేదు. లోహములు ఆమ్లజనితో, అనగా ప్రాణవాయువుతో, కలిసి ఏర్పడు ఆక్సైడులు అట్టివి. వానిలో జిర్కోనియా అనునది సుమారు 2700 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కరుగదు. అది పింగాణివంటి పదార్థము. చల్లగా నున్నపుడు విద్యుత్తును తనలోనుండి పోనీయదు. అట్టిదానితో విద్యుద్దీపము చేయుదునని చెప్పిన వానిని చూచి సామాన్యులు నవ్వుదురు. కాని ద్రావణములలోని అయానుల సంగతి బాగుగా తెలిసిన నెర్న్‌స్టునకు వేరొక ఆలోచన కలిగెను. ఉప్పునీటిలో అయానులు కదలి విద్యుత్తును మోయుచున్నవి. గట్టిపదార్థము నందైనను, తగినంత వేడి కలిగినచో, అయానులు ఏల కదలరాదు?

ఆయన ఆక్సైడులను పుల్లలుగా చేసి పరీక్షించెను. శుద్ధమైన ఆక్సైడులలో విద్యుత్తు మిక్కిలి స్వల్పముగానే ప్రవహించెను. కాని ఒక ఆక్సైడులో మరియొకటి కలిపినచో ప్రవాహము ఎన్నో రెట్లు పెరిగెను. జిర్కోనియా నూటికి 85 పాళ్లు, ఇట్రియా అను మరియొక ఆక్సైడు 15 పాళ్లు కలిపిన మిశ్రమము అన్నింటికంటె ప్రసిద్ధమయ్యెను. దీనినే తరువాతివారు నెర్న్‌స్టు ముద్ద అనిరి. మేలిమి బంగారమున కొంత రాగి కలిపినగాని నగ గట్టిపడదని మన కంసాలులకు తెలియును. అట్లే ఇచ్చటను శుద్ధత కాక తగుపాటి కలయికయే గుణమును తెచ్చెను. అది యెందువలననో అప్పటికి ఎవరికిని తెలియదు.

1897లో నెర్న్‌స్టు తన దీపమునకు హక్కుపత్రము కోరెను. దీప నిర్మాణము ఇట్టిది. తెల్లని సన్నపుల్ల ఒకటి నడుమ నుండును. అది చల్లగా నున్నంతవరకు విద్యుత్తు ప్రవహింపదు కావున మొదట దానిని వేడిచేయవలెను. తొలుత అగ్గిపుల్ల వెలిగించి వేడిచేసెడివారు; పిమ్మట అందుకై ప్లాటినము తీగ చుట్టను అమర్చిరి. వేడెక్కిన పిదప పుల్ల తానే విద్యుత్తును గ్రహించి తెల్లగా జ్వలించును. వేడి పెరిగినకొలది విద్యుత్తు మరింత ప్రవహించును. దానివలన వేడి మరల పెరుగును. అడ్డు లేనిచో పుల్ల కరిగిపోవును. అందుచే హైడ్రొజను వాయువు నింపిన చిన్న బుడ్డిలో ఇనుపతీగ నుంచి దానిని పుల్లకు జోడించిరి. ఇనుపతీగ వేడెక్కినకొలది విద్యుత్తును అడ్డగించును గనుక, కళ్లెమువలె పనిచేయును. పుల్ల చుట్టును శూన్యము అక్కరలేదు. వెలుగు పగటి వెలుగును పోలియుండెను. బొగ్గుతీగ దీపముతో పోల్చినచో అంత విద్యుత్తుతోనే ఇంచుమించు రెట్టింపు కాంతి లభించెను.

బెర్లిన్ నగరమునందలి ఏ.ఇ.జి. అను పెద్ద విద్యుత్ సంస్థ ఆ హక్కును కొనెను. నెర్న్‌స్టునకు పదిలక్షల మార్కులు ముట్టినవని ప్రసిద్ధి. 1900 సంవత్సరపు పారిస్ ప్రపంచ ప్రదర్శనమున ఆ సంస్థవారి మండపము ఈ దీపములతో వెలిగెను. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ ఈ దీపముల తయారీకై పిట్స్‌బర్గ్‌లో ప్రత్యేకముగా ఒక సంస్థను నెలకొల్పెను. పండితులకు వ్యవహారజ్ఞానము లేదని ఎడిసన్ ఆక్షేపింపగా, నెర్న్‌స్టు తన దీపమునకు వచ్చిన మూల్యమెంతయో చెవిటివాడైన ఆయనకు వినబడునట్లు బిగ్గరగా చెప్పెనని ఒక కథ శాస్త్రజ్ఞులలో వాడుకలో నున్నది.

అయినను ఆ వైభవము నిలువలేదు. మీట నొక్కగానే వెలుగవలెనని జనులు కోరుదురు. ఈ దీపమో వేడెక్కువరకు ఆగవలెనని కోరును. దాని నిర్మాణము చిక్కైనది, వెల యెక్కువ. ఇంతలో టంగ్‌స్టన్ లోహపు తీగ గల దీపములు వచ్చెను. 1910 నాటికి ఆ లోహమును సన్నతీగగా సాగదీయు ఉపాయము కూడ అమెరికాలో కనుగొనిరి. గాటింజెన్‌లో నెర్న్‌స్టు దీపపు పుల్లతోనే పరిశోధన చేసి 1906లో పట్టము పొందిన లాంగ్‌మ్యూర్ అను యువకుడు, స్వదేశమునకు పోయి టంగ్‌స్టన్ దీపపు బుడ్డిలో వాయువు నింపి దానిని మరింత మేలు చేసెను. ఈ విధముగా గురువుగారి దీపమును ఆరిపోజేసిన వానిలో ఆ పరిశోధనాలయమున చదివిన శిష్యుని చేతిపని కూడ నుండెను. నెర్న్‌స్టు దీపము బజారును విడిచి, కంటికి కనబడని ఉష్ణకిరణములను పుట్టించు సాధనముగా ప్రయోగశాలలలో మాత్రము మిగిలెను.

మరువబడిన పుటలు

దీపమును అమ్మివేయుటతో నెర్న్‌స్టు తృప్తి చెందియుండిన, ఆయన కథ అంతటితో ముగిసెడిది. కాని 1899లో ఆయన మిక్కిలి వేడియందు గట్టిపదార్థములలో విద్యుత్తు ప్రవహించు రీతిని గూర్చి జర్మన్ విద్యుద్రసాయన పత్రికలో ఒక వ్యాసమును ప్రకటించెను. లోహములలోని ప్రవాహము వేరు, ఈ ఆక్సైడులలోని ప్రవాహము వేరు. ఇచ్చట ఉప్పునీటిలోవలెనే అయానులు కదలుచున్నవని ఆయన తేల్చెను. శుద్ధపదార్థముకంటె మిశ్రమము ఎంత హెచ్చుగా విద్యుత్తును మోయునో అంకెలతో చూపెను. దీపములు కొనువారికి ఆ వ్యాసముతో పనిలేదు. అది గ్రంథాలయముల అరలలో చేరి అచ్చటనే యుండెను.

బెర్లిన్ జీవితము

1905లో నెర్న్‌స్టు బెర్లిన్ విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగా వచ్చెను. మోటారు కార్లన్న ఆయనకు అమితమైన ఇష్టము. గాటింజెన్ నుండి బెర్లినునకు కుటుంబముతో కారులోనే ప్రయాణము చేసెను. ఆ కాలమున అది సాహసమే.

ఆ సంవత్సరముననే ఆయన తన జీవితములోని అతి గొప్ప సిద్ధాంతమును ప్రకటించెను. సున్నకు క్రింద సుమారు 273 డిగ్రీల వద్ద చలికి అవధి కలదు. దానిని పరమశూన్యమందురు. ఆ అవధిని సమీపించుకొలది పదార్థములందలి మార్పులలో ఎంట్రొపీ అను రాశి యొక్క భేదము సున్న యగునని ఆయన సూత్రీకరించెను. ఉష్ణగతిశాస్త్రమున దీనిని మూడవ నియమమందురు. దీని సహాయమున, ఒక రసాయన చర్య ఎంతవరకు జరుగునో వేడికి సంబంధించిన కొలతలనుండియే ముందుగా లెక్కకట్టవచ్చును. ఆ నియమమును రుజువు చేయుటకై ఆయనయు శిష్యులును అనేక సంవత్సరములు అతిశీతల ప్రయోగములు చేసిరి. 1920 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము ఈ కృషికే లభించెను.

తన కొలతలు ఐన్‌స్టైన్ చెప్పిన కొత్త సిద్ధాంతమును బలపరచుచున్నవని గ్రహించి, 1910లో నెర్న్‌స్టు స్వయముగా జూరిచ్ నగరమునకు పోయి ఆ యువకుని చూచెను. 1911లో బ్రస్సెల్స్ నగరమున జరిగిన మొదటి సాల్వే మహాసభకు మూలపురుషుడు ఆయనయే. 1913లో ప్లాంక్‌తో కూడ వెళ్లి ఐన్‌స్టైనును బెర్లినునకు ఆహ్వానించెను. ఇతరుల ప్రతిభను గుర్తించుటలో ఆయన చూపు సూక్ష్మమైనది. భారతదేశమునుండి వచ్చిన మేఘనాథ సాహా కూడ 1921 ప్రాంతమున బెర్లిన్‌లో నెర్న్‌స్టు ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసెను.

కష్టకాలము

1914లో యుద్ధము వచ్చెను. ఏబది యేండ్ల వయస్సున నెర్న్‌స్టు స్వచ్ఛందముగా సైన్యమునకు మోటారు చోదకుడుగా పోయెను. జర్మనీ చర్యలను సమర్థించుచు తొంబదిముగ్గురు మేధావులు ప్రకటించిన పత్రముపై ఆయనయు సంతకము చేసెను. శత్రువుల కండ్లు ముక్కులు మండజేయు రసాయనములను గుండ్లలో నింపు ప్రయత్నములయందును పాలుగొనెను. విద్యకు మచ్చ తెచ్చిన ఈ పనిని ఆయన జీవితమునుండి తుడిచివేయుట సత్యము కాదు. ఆ యుద్ధమే ఆయన కుమారు లిద్దరిని బలిగొనెను.

యుద్ధానంతరము ఆయన బెర్లిన్ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడుగాను, 1922 నుండి 1924 వరకు జర్మనీ ప్రభుత్వపు భౌతిక, సాంకేతిక కొలతల సంస్థకు అధ్యక్షుడుగాను పనిచేసెను. పిమ్మట మరల విశ్వవిద్యాలయమునకు వచ్చి భౌతికశాస్త్ర ఆచార్యుడుగా నుండెను. వృద్ధాప్యమునను కొత్తదానియందు కుతూహలము తగ్గలేదు. తీగల నాదమును విద్యుత్తుచే పెద్దది చేయు పియానో నొకదానిని 1930 ప్రాంతమున రూపొందించెను.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. నెర్న్‌స్టు ఆ పాలనను అంగీకరింపలేదు. ఆయన కుమార్తెలలో ఇద్దరు యూదులైన వారిని వివాహమాడి యుండిరి. వారు దేశమును విడిచి పోవలసివచ్చెను. యుద్ధమున కుమారులను దేశమునకు అర్పించిన తండ్రికి, అదే దేశము కుమార్తెలకు నిలువ నీడ లేకుండ చేసెను. ఆ సంవత్సరముననే ఆయన ఉద్యోగమును విడిచి జిబెల్లె గ్రామమునందలి తన ఎస్టేటునకు పోయెను. అచ్చట చెరువులలో చేపలు పెంచెను. పశువులు తమ శరీరపు వేడితో లోకమును ఊరక వెచ్చజేయుననియు, చేపలు నీటి చల్లదనముతోనే సర్దుకొనుననియు, అందుకే చేపలను ఎంచుకొంటిననియు ఆయన హాస్యమాడెడివాడని చెప్పుదురు. 1941 నవంబరు 18వ తేదీన ఆ గ్రామముననే కన్నుమూసెను. ఆయన సమాధి గాటింజెన్ పట్టణమున, ప్లాంక్ సమాధి యున్న శ్మశానవాటికలోనే కలదు.

పుటలు మరల తెరువబడుట

నెర్న్‌స్టు జీవించియుండగనే 1937లో జూరిచ్ నగరమున ఎమిల్ బౌర్, ప్రైస్ అను శాస్త్రజ్ఞులు ఆయన ముద్దను వేరొక పనికి వినియోగించిరి. బొగ్గును, వాయువును మంటపెట్టి, ఆవిరి పుట్టించి, చక్రములు త్రిప్పి విద్యుత్తు తీయుటలో ఎంతో శక్తి వృథాయగును. మంట లేకుండ, ఇంధనమునుండి నేరుగా విద్యుత్తు తీయు సాధనమును ఇంధన ఘటమందురు. బౌర్, ప్రైస్‌లు సుమారు 1000 డిగ్రీల వేడిలో, జిర్కోనియా మిశ్రమమును నడుమ నుంచి అట్టి ఘటమును పనిచేయించిరి. గట్టి ఆక్సైడు గల ఇంధన ఘటములలో ఇదియే మొదటిది. కాని వచ్చిన విద్యుత్తు స్వల్పము. మిశ్రమము విద్యుత్తును మోయు మర్మము తెలియనిదే దానిని బాగుచేయుట కష్టము.

ఆ మర్మమును 1943లో, ప్రపంచయుద్ధము నడుమ, కార్ల్ వాగ్నర్ అను జర్మన్ శాస్త్రవేత్త విప్పెను. నెర్న్‌స్టు గతించి అప్పటికి రెండేండ్లు. ఆయన వ్యాసము వెలువడి నలుబదినాలుగేండ్లు.

బంతి భోజనమును తలచుకొన్నచో వాగ్నర్ చెప్పినది సులభముగా తెలియును. బంతిలో విస్తళ్లన్నింటి ముందును మనుష్యులు కూర్చుండియున్నచో ఎవరును చోటు మారలేరు. ఒక్క విస్తరి ఖాళీగా నున్నచో ప్రక్కవాడు అందులోనికి జరుగును. వాని చోటు ఖాళీ యగును. అందులోనికి ఆ ప్రక్కవాడు జరుగును. ఇట్లు ఖాళీ ఒక దిక్కునకును, మనుష్యులు మరియొక దిక్కునకును పోవుచుందురు. జిర్కోనియాలో ఒక్కొక్క జిర్కోనియము అయానునకు నాలుగు ధనావేశములు కలవు. దానిని సరితూచుటకు రెండు ఆమ్లజని అయానులు కావలెను. ఇట్రియములో ఆవేశములు మూడే. రెండు జిర్కోనియముల స్థానమున రెండు ఇట్రియములు చేరినచో, ఒక ఆమ్లజని అయానునకు పని లేక దాని చోటు ఖాళీ యగును. ఆ ఖాళీలగుండనే, వేడి తగిలినపుడు, ఆమ్లజని అయానులు ఒకచోటినుండి మరియొక చోటికి దుముకుచు పోవును. కలిపిన పదార్థము తాను విద్యుత్తును మోయుట లేదు. మోయువారికి దారి విడుచుచున్నది. నెర్న్‌స్టు చూచిన వింతకు ఇదియే కారణము. వాగ్నర్ అటుపిమ్మట 1958లో నెర్న్‌స్టు పనిచేసిన గాటింజెన్ పట్టణముననే ఒక పరిశోధనాలయమునకు సంచాలకుడయ్యెను.

కారణము తెలిసిన పిదప పని వేగమయ్యెను. ఇట్రియాను ఎంత కలిపినచో ఆమ్లజని బాగుగా కదలునో కొలిచిరి. నూరు అణుపాళ్లలో ఎనిమిది పాళ్లు కలిపిన జిర్కోనియా ఇంధన ఘటములకు సర్వసాధారణమయ్యెను. అది 700 మొదలు 1000 డిగ్రీల వేడిలో పనిచేయును. ఘటమున పలుచని పింగాణి రేకునకు ఒకవైపున గాలి, మరియొకవైపున హైడ్రొజను గాని సహజవాయువు గాని యుండును. గాలిలోని ఆమ్లజని ఎలక్ట్రానులను గ్రహించి అయానులై రేకుగుండ ఆవలికి పోయి ఇంధనముతో కలియును. అచ్చట విడిచిన ఎలక్ట్రానులు బయటి తీగలో ప్రవహించి దీపమునో యంత్రమునో నడిపి, మరల గాలివైపునకు వచ్చును. మంట లేదు, పొగ లేదు. ఇంధనములోని శక్తిలో సగమునకు మించి విద్యుత్తుగా లభించు ఘటములు నేడు కలవు. అయితే ఇంతటి వేడికి తాళు లోహములు, అతుకులు ఖరీదైనవి. వేడెక్కి చల్లారుటలో పింగాణి చిట్లును. అందుచే గడోలినియా కలిపిన సీరియా అను వేరొక ఆక్సైడుతో 500, 600 డిగ్రీలకే పనిచేయించ యత్నించుచున్నారు. కాని సీరియాకును ఒక లోపము కలదు. ఇంధనమువైపున అది కొంత ఆమ్లజనిని కోల్పోయి, ఎలక్ట్రానులను కూడ తనగుండ జారనిచ్చును. అంతమేరకు విద్యుత్తు వృథాయగును. ఈ చిక్కులు తీర్చుటకు పరిశోధనలు ఇంకను సాగుచున్నవి.

నెర్న్‌స్టు యౌవనమున చేసిన రెండు పనులు ఒకచోట కలిసికొన్నది మోటారు కారులో. 1976లో కార్ల పొగగొట్టమున చిన్న జిర్కోనియా తొడుగు నమర్చుట ప్రారంభమయ్యెను. దాని లోపల గాలి, వెలుపల ఇంజను పొగ. రెండువైపుల ఆమ్లజని చిక్కదనములలోని భేదమునుబట్టి వోల్టులు పుట్టును. ఆ లెక్క 1889 నాటి సమీకరణము; ఆ పదార్థము 1899 నాటి వ్యాసమునందలిది. దానివలన ఇంజనునకు పెట్రోలు ఎంత అందవలెనో సరిచూచి, విషవాయువులను తగ్గించుదురు. మన దేశమున 2020 నుండి అమలులోనికి వచ్చిన కాలుష్య నిబంధనల మూలమున, మన వీధులలో తిరుగు కొత్త మోటారు సైకిళ్లలో కూడ ఆమ్లజనిని కనిపెట్టు సాధనములు వచ్చినవి. కార్లన్న అంత ఇష్టపడిన వాని విద్య కార్లలోనే స్థిరపడుట ముచ్చటైన విషయము.

2021 ఏప్రిలులో అంగారక గ్రహముపై అమెరికావారి యంత్రమొకటి, అచ్చటి బొగ్గుపులుసు గాలినుండి ప్రాణవాయువును తీసెను. మొదటిసారి లభించినది సుమారు 5 గ్రాములు. ఆ యంత్రము నడుమ నున్నది స్కాండియా అను ఆక్సైడును కలిపిన జిర్కోనియాయే. ఇంత దూరము పోనక్కరలేదు. మన స్త్రీలు ధరించు అమెరికన్ డైమండు రాళ్లు చాలవరకు జిర్కోనియాలో ఇట్రియావంటిదానిని కలిపి చేసినవే. శ్రీకాకుళము, భీమునిపట్టణము తీరములందలి ఇసుకలో జిర్కాన్ అను ఖనిజము కలదు. హైదరాబాదులో 1971లో ఏర్పడిన అణు ఇంధన సంస్థలో జిర్కాన్ ఇసుకనుండి జిర్కోనియాను, దానినుండి లోహమును తీయుదురు.

నెర్న్‌స్టు దోషము లేని మనుష్యుడు కాడు. ధనమును, కీర్తిని, అధికారమును చూచెను. పుత్రశోకమును, దేశపు కృతఘ్నతను కూడ చూచెను. పదిలక్షల మార్కులు తెచ్చిన దీపము ఆయన కన్నుల యెదుటనే ఆరిపోయెను. ఏమియు మూల్యము తేని వ్యాసము మాత్రము నిలిచెను. దానిని ఎవరో భద్రపరచిరి, ఎవరో వెదకి చదివిరి, తమకు తెలిసినది దానికి చేర్చిరి. పుస్తకమును భద్రపరచువాడు, చదువువాడు లేకుండిన ఆ విద్య దీపముతోపాటే పోయెడిది. గ్రంథాలయమున దుమ్ముపట్టిన పుస్తకము పనికిరానిదని త్రోసివేయరాదు. దానిని తెరువవలసిన వాడు ఇంకను అక్షరాభ్యాసము చేయుచుండవచ్చును.